పెదవికి మించిన మాట

గొంతులో ఆవగింజంత బొడిపె తీయించుకుందామని వెళ్లిన మనిషికి ఒంట్లో రక్తమే మారిపోయిందని తెలిసింది. గత వారం మనం పిచ్చుకను వదిలిపెట్టింది అక్కడే.

ఆపరేషన్‌కు ముందు చేసే మామూలు పరీక్షలో ఆమె గ్రూపు ‘బి’ అని వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆమెది ‘ఓ’. “నాదీ దానిదీ ఒకటే రక్తం” అని తల్లి నలుగురిలోనూ గొప్పగా చెప్పుకునే ‘ఓ’. కాన్పులప్పుడూ తల్లి చెప్పిన ‘ఓ’నే రాసేసుకున్నారు, ఎవరూ మళ్లీ పరీక్ష చేయలేదు. పొరపాటు పడ్డారేమోనని ఇంకో చోట చూపించుకుంటే అక్కడా ‘బి’ అనే అన్నారు. తల్లికి ఫోన్ చేస్తే సీసాలు తారుమారై ఉంటాయంది. రెండు చోట్లా ఒకేలా ఎలా తారుమారవుతాయమ్మా అని అడిగేసరికి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ ఫోన్ పెట్టేసింది. ఆ వేళప్పుడు వాళ్లింట్లో పాలు కాయరు. ఆ సంగతి పిచ్చుకకు తెలుసు.

అప్పటి నుంచి ఆమె తన మణికట్టు చూసుకోవడం మొదలుపెట్టింది. కూర తరుగుతూ, పిల్లల జుట్టు దువ్వుతూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, చర్మం కింద నీలంగా కనబడే ఆ నరాన్ని వేలితో నొక్కి చూసుకునేది. ఎవరు బాబూ మీరు? ఎప్పుడొచ్చారు? ఎక్కణ్ణుంచి?

“ఒసే, చెయ్యి విరిగిందా ఏంటి, అలా పట్టుకు కూర్చున్నావు?” అన్నాడు భర్త.

“విరగలేదు. పలకరిస్తున్నాను” అంది. అతను టీవీ వైపు తిరిగిపోయాడు. పెళ్లయి పదేళ్లు దాటిన మగవాళ్లకు కొన్ని ప్రశ్నలు అడక్కూడదని తెలుస్తుంది.

పిచ్చుక అనేది ఆమె అసలు పేరు కాదు. ఇద్దరు పిల్లల తల్లయినా గొంతు మాత్రం చిన్నపిల్లల దగ్గరే ఆగిపోయింది. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు “పాపా, అమ్మను పిలువమ్మా” అంటారు. ఆ గొంతే ఆమెకు తిండి పెడుతోంది. వేరే భాషల నుంచి వచ్చే బొమ్మల సినిమాల్లో ఏడ్చే పసివాడూ, అలిగే పిల్లా, మాట్లాడే కుందేలూ అన్నీ ఆమే. ఇప్పుడు చేస్తున్నది జపాన్ బొమ్మల సీరియల్. అది ముగిసేదాకా గొంతు మారడానికి వీల్లేదు గనుక ఆపరేషన్ వాయిదా వేసుకుంది.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పిన్ని ఇంటి కింది భాగంలో రెండు గదులు, మధ్యలో ఓ దళసరి అద్దం. ఒక గదిలో మైకు, రెండో గదిలో మీటలూ తెరలూ. గోడలకు పాత తివాచీలు. మాట రికార్డవుతున్నంతసేపూ ఫ్యాను ఆపేయాలి. పక్కింటివాళ్లు నీళ్ల మోటారు వేస్తే అది ఆగేదాకా అందరూ నోరు మూసుకు కూర్చోవాలి. బాబాయి పోయాక ఈ స్టూడియో పిన్నే నడుపుతోంది. సంభాషణలు రాసేదీ ఆవిడే. మీటల దగ్గర కూర్చునేది ఆవిడ కొడుకు బుల్లోడు. ఆరడుగుల బుల్లోడు. ఆ ఇంట్లో గుమ్మాలన్నీ పొట్టివాళ్ల కోసం కట్టినవి, అందుకని వాడి నుదుటి మీద ఎప్పుడూ ఒక బొప్పి ఉంటుంది.

“ఏంటక్కా, మొహం అలా వేలాడేశావు? బావగారు కాఫీ పెట్టివ్వలేదా?” అన్నాడు ఆ ఉదయం.

“మీ బావ కాఫీ పెడితే మొహం ఇంకా వేలాడుతుందిరా.”

“పాపం, ఆయన మంచివాడు. ఆయన కాఫీయే మంచిది కాదు” అంటూ ఆమె చేతికి హెడ్‌ఫోన్స్ అందించాడు.

పిన్ని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఇస్త్రీ చీర, చెవి వెనక పెన్సిలు. పిచ్చుక వైపు చూడలేదు. వచ్చీ రాగానే “సన్నబడ్డావే” అని ఒక తిట్టు తిట్టందే పని మొదలుపెట్టని మనిషి ఆ రోజు కాగితాల్లోకే చూస్తూ, “పదండి, కానిద్దాం” అంది.

ఆ సీరియల్ కథ విచిత్రమైనది. మనిషి ఒళ్లు ఒక వేల గదుల ఇల్లు. అందులో ఉండే కణాలన్నీ మనుషులు. ఊపిరిని బిందెల్లో మోసుకుపోయే ఎర్రవాళ్లు, కర్రలు పట్టుకు తిరిగే తెల్ల కావలివాళ్లు, ఎక్కడ గోడ చిరిగినా సూదీ దారంతో పరుగెత్తే కుట్టుపిల్లలు. ఈ కుట్టుపిల్లలందరికీ పిచ్చుకదే గొంతు.

మొదటి వారం పిన్నికి నిద్ర పట్టలేదు. ఆ బొమ్మల్లో ఒకరినొకరు చేసే పనిని బట్టి పిలుచుకుంటారు. మనకు అలా కుదరదే! ఎదుటివాడు అన్నో మామో తేలందే మన నోరు పెగలదు. చివరికి ఆవిడ తన డాక్టరుకే ఫోన్ చేసి, “బాబూ, ఎర్ర కణానికి తెల్ల కణం ఏమవుతుంది?” అని అడిగింది. ఆయన ఆ ప్రశ్న ఇంకోసారి అడిగించుకున్నాడు. తర్వాత ఆయన, “ఇద్దరూ ఒకే ఎముకలో పుట్టారమ్మా. ఒకే తల్లి పిల్లలనుకోండి” అన్నాడు. “అయితే అన్నదమ్ములు. ఆ మాట ముందే చెప్పొచ్చుగా!” అని పెట్టేసింది. ఆ రోజు నుంచి కావలివాడు ఎర్రవాళ్లందరికీ పెద్దన్న అయ్యాడు.

ఈ వారం కథ ఎముక లోపల. అక్కడి పురిటి గదులు ఒక్కొక్కటిగా నిశ్శబ్దమైపోతున్నాయి. కొత్త పిల్లలు పుట్టడం లేదు. పాత మోతగాళ్లు అలిసిపోయి మెట్ల మీదే కూలబడుతున్నారు. గోడ చిరిగితే కుట్టేవాళ్లు లేరు. మందు వచ్చి గదులన్నీ ఊడ్చేసి పోయింది. ఇల్లంతా బోసిపోయింది. అప్పుడు పైనుంచి ఒక గొట్టం గుండా కొత్తవాళ్లు దిగారు. ఎవరి ఒంట్లోంచో తీసి పంపిన ఎముక మజ్జ. తలా ఒక మూట పట్టుకుని, ముందు ఎక్కడికి పోవాలో తెలియక తికమకపడ్డారు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, ఎవరూ చెప్పకుండానే, ఎముక దాకా దారి పట్టారు.

“నిజంగా అంతేనా పిన్నీ? దారి ఎవరూ చెప్పరా?” అంది పిచ్చుక.

“ఎముకలోంచి పిలుపు లాంటిదేదో వస్తుందట. అది పట్టుకుని పోతాయట. డాక్టరు చెప్పాడు” అంది పిన్ని, కాగితంలోంచి తలెత్తకుండానే.

ఎముక గుమ్మం దగ్గర ఓ ముసలావిడ ఉంటుంది, ఆ ఇంటి పాత కాపలా. ఆ గొంతు పిన్నిది. మైకు ముందుకొచ్చి ఒక్క టేకులో చెప్పేసింది. “రండి పిల్లల్లారా. ఇకనుంచి ఈ ఇంట్లో పుట్టే ఎర్రవాళ్లందరూ మీ గ్రూపువాళ్లే.”

పిచ్చుక హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి పక్కకు జరిపింది.

“ఒక్క నిమిషం. అంటే... రక్తం గ్రూపే మారిపోతుందా?”

“మారుతుందక్కా” అని అద్దం అవతల నుంచి బుల్లోడి గొంతు. “నేనూ నమ్మక, వెతికి చదివాను. మజ్జ ఇచ్చినవాళ్ల గ్రూపే వస్తుందట. నీది ఓ అయి, ఇచ్చినవాళ్లది బి అయితే, కొన్నాళ్లకు నువ్వూ బి అయిపోతావు. బాగుంది కదా? ఇల్లు నీది, కాపురం వాళ్లది!”

వాడు ఏదో ఒక ఉదాహరణ చెప్పాలని చెప్పాడు. పిచ్చుక వేలు మణికట్టు మీదికి పోయింది. పిన్ని వెళ్లి తన కుర్చీలో కూర్చుని పెన్సిలుకు మొన చెక్కడం మొదలుపెట్టింది. ఆ పెన్సిలు మొన అప్పటికే సూదిలా ఉంది.

“తరువాతిది నీదే. కొత్తపిల్ల” అంది.

ముసలావిడ అడుగుతుంది, ‘ఎవరు నువ్వు? ఎందుకొచ్చావు?’ అని. మూట పట్టుకున్న కొత్తపిల్ల తలెత్తి, మూడంటే మూడుసార్లు నోరు తెరిచి మూసేస్తుంది. అసలు భాషలో అక్కడ ఉన్నది ‘వచ్చేశాను’ అన్నంత మాట. పిచ్చుక తన కాగితం చూసుకుంది. అందులో ఇలా ఉంది: ‘అక్క కోసం వచ్చాను. నన్నెవరూ అడగలేదు. అయినా వచ్చాను.’

చెప్పింది. మాట సగంలో ఉండగానే తెర మీద నోరు మూసుకుపోయింది.

ఇంకోసారి వేగంగా చెప్పింది. అప్పుడూ మిగిలింది. మూడోసారి ఊపిరి తీసుకోకుండా చెప్పేసరికి నాలుక మడతపడింది, బుల్లోడు పకపకా నవ్వాడు.

“అమ్మా, ఆ పిల్ల మూడు ముక్కలు మాట్లాడితే నువ్వు భారతం రాశావు. ‘వచ్చేశాను’ అంటే సరిపోతుంది. తీసేయనా?”

“తియ్యకు.”

“పెదవికి సరిపోవట్లేదమ్మా!”

“సరిపోకపోతే పోనీ.”

బుల్లోడు మీటల మీంచి చేతులు తీసి తల్లి వైపు తిరిగాడు. పిచ్చుక అద్దంలోంచి చూస్తోంది. తెర మీద పెదవులు కలిసినచోట ‘మ’ గానీ ‘ప’ గానీ పడకపోతే అన్నం సహించని మనిషి పిన్ని. ఒకసారి ఒక ముసలి ఏనుగు మాటల్లో అర అక్షరం ఎక్కువైందని మధ్యాహ్నమంతా ఆ ఒక్క వాక్యమే మళ్లీ మళ్లీ చెప్పించింది. ఏనుగుకు పెదవులెక్కడ కనిపిస్తాయమ్మా అని బుల్లోడు మొత్తుకున్నా వినలేదు. ఆ మనిషి ఇప్పుడు, సరిపోకపోతే పోనీ అంటోంది.

“పిన్నీ” అంది పిచ్చుక మెల్లగా. “ఈ కథలో మజ్జ ఇచ్చింది ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు కదా. ఇందులో అక్క ఎవరు?”

పిన్ని కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకోలేదు.

“టీ తాగుదాం” అంది.

సీను పూర్తికాకుండా ఆవిడ టీకి లేవడం ఆ స్టూడియో ఎరగదు.

“మీరు వెళ్లండి. నేను ఈ లైనును అటూ ఇటూ లాగి ఎలాగోలా ఇరికిస్తాను” అన్నాడు బుల్లోడు.

వెనకవైపు ఒక సామాను గది ఉంది. బాబాయి కాలంలో చప్పుళ్లు అక్కడే తయారుచేసేవారు. గుర్రం నడక కోసం కొబ్బరి చిప్పలు, వాన కోసం కంకర పోసిన రేకు డబ్బా, గది మధ్యలో ఏ గోడకూ ఆనకుండా నిలబెట్టిన ఒక తలుపు. సినిమాల్లో తలుపులన్నీ అదే తెరుచుకునేది, అదే మూసుకునేది. పిన్ని ఆ తలుపు అవతల నిలబడింది. పిచ్చుక ఇవతల. టీ మాట ఇద్దరూ ఎత్తలేదు.

“అమ్మ నీకు ఫోన్ చేసిందా?”

“చేసింది.”

“నా రక్తం సంగతి చెప్పిందా?”

“చెప్పింది. ఆ మర్నాడే ఈ సీను రాయడానికి కూర్చున్నాను. నా ఖర్మ, ఈ వారమే ఈ కథ రావాలా!”

“పిన్నీ, నాకు ఐదేళ్లప్పుడు వచ్చినవి, అమ్మ చెప్పినట్టు కామెర్లు కావు కదా?”

పిన్ని తలుపు గడియ అటూ ఇటూ జరిపింది.

“నాకు గుర్తుంది. బోడిగుండు. కామెర్లకు గుండెందుకమ్మా అంటే పేలు పట్టాయంది. ఒక గది గుర్తుంది, దానికో కిటికీ. అందరూ మూతికి గుడ్డ కట్టుకుని ఆ కిటికీ అవతలి నుంచే చెయ్యి ఊపేవాళ్లు. నువ్వూ ఉన్నావు. నీ కళ్లు గుర్తున్నాయి నాకు. కామెర్లొస్తే అంత దూరంలో పెడతారా?”

“పెట్టరు” అంది పిన్ని. ఆ ఒక్క మాటతో ఆవిడ భుజాలు కాస్త కిందికి దిగాయి. “ఎముకల్లో రక్తం తయారవడం ఆగిపోయింది నీకు. ఒళ్లంతా నీలం మచ్చలు. పళ్లు తోమితే నెత్తురు. మంచం కోడు తగిలినా ఇంత వాపు. మీ అమ్మ నిన్ను దూదిలో పెట్టినట్టు ఎత్తుకునేది. ఎవరిదైనా మజ్జ ఎక్కిస్తే బతుకుతుంది, అదీ కలవాలి అన్నారు. మీ అమ్మది చూశారు, కలవలేదు. మీ నాన్నది కలవలేదు. నాదీ కలవలేదు.”

“మరి ఎవరిది కలిసింది?”

“తోడబుట్టినవాళ్లదైతే కలిసే వీలుందన్నారు.”

“నాకు తోడబుట్టినవాళ్లు ఎవరున్నారు?”

పిన్ని కిందికి చూసింది. గోడ అవతల బుల్లోడు ఆ లైనును పట్టుకుని లాగుతున్నాడు. ముందుకూ వెనక్కూ తిప్పుతూ, కోస్తూ, అతికిస్తూ. గోడలోంచి పిచ్చుకకు తన గొంతే వినబడుతోంది. అక్క కోసం. మళ్లీ, అక్క కోసం వచ్చాను. మళ్లీ మొదటికి. అక్క. అక్క. అక్క.

పిచ్చుక చేత్తో ఆ తలుపు పట్టుకుంది. గోడ లేని తలుపు, కాస్త ఊగింది.

“వాడా?” అంది.

పిన్ని కళ్లెత్తింది. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

“వాడు... మా అమ్మ...”

“మీ అమ్మే కన్నది. నాకు నిలవలేదే పిచ్చుకా. ఒకటి కాదు, రెండు కాదు. చివరిదాని తర్వాత నేను గోడకేసి తిరిగి పడుకుని అన్నం మానేశాను. మీ అమ్మ వచ్చి నా మంచం మీద కూర్చుని, ‘నాకు మూడో నెల. ఈ బిడ్డ నీదే. లేచి తిను’ అంది. అంతే అంది. కాన్పుకు మా ఇంటికే వచ్చింది. నీకప్పుడు మూడేళ్లు దాటాయి, నాన్న దగ్గర ఉన్నావు. వాణ్ణి కని, నా ఒళ్లో పెట్టి, పాలు పడకముందే వెళ్లిపోయింది. నేను అడిగింది ఒక్కటే. వాడికి ఎప్పటికీ చెప్పొద్దని. సరే అంది.”

“తర్వాత నాకు ఇది వచ్చింది.”

“వాడికి ఏడాదిన్నర అప్పటికి. డాక్టరు మీ అమ్మను అడిగాడు, ఇంకో బిడ్డ ఉందా అని. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మీ అమ్మ...” పిన్ని తలుపు చట్రం పట్టుకుంది. “లేరంది పిచ్చుకా. నువ్వు ఆ అద్దం వెనక ఉన్నావు. అయినా నాకిచ్చిన మాట కోసం, లేరు డాక్టరుగారూ, ఇదొక్కతే అంది. నేను అక్కడే నోరు తెరిచాను. ఉన్నాడు, మా ఇంట్లో ఉన్నాడు అన్నాను.”

పిచ్చుక మెల్లగా రేకు డబ్బా మీద కూర్చుంది. అడుగున కంకర గలగలమని వాన కురిసింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

“బోర్లా పడుకోబెట్టి నడుము ఎముకలోంచి తీశారు. మత్తిచ్చార్లే, నొప్పి తెలియలేదు. లేచాక పాలసీసా కోసం ఒకటే గోల. వాణ్ణి ఎవరూ అడగలేదు. ఏమని అడుగుతాం? ‘పాలు’ అనడం కూడా సరిగా రాదు. వాడు ఆడుకుంటున్నాడు. వాడి రక్తం సంచీలో నీ గదిలోకి వెళ్లింది. నేను, మీ అమ్మ కిటికీ దగ్గర నిలబడి చూశాం. ఆ తర్వాత మేమిద్దరం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. నీకు మజ్జ సంగతి చెబితే ఎవరిచ్చారంటావు. అందుకే కామెర్లయ్యాయి.”

పిచ్చుకకు తల్లి గుర్తొచ్చింది. బుల్లోడు వస్తే తల్లి పెద్దగా మాట్లాడదు. దగ్గరికి తీసుకోదు. పిచ్చుక పిల్లలకు పెట్టినట్టు చేతిలో ఏమీ పెట్టదు. కానీ వాడు ఏ గుమ్మం దగ్గరికి వచ్చినా, ఎక్కడున్నా, వంటింట్లో వెనక్కి తిరిగి ఉన్నా సరే, “తల జాగ్రత్తరా” అంటుంది. అదొక్కటే అంటుంది.

కాసేపటికి పిచ్చుక తన మణికట్టు చూసుకుంది. వింతగా ఉంది. ఏడుపు రావాలేమో, రావడం లేదు. అక్కడ నీలం నరం మామూలుగానే కొట్టుకుంటోంది. ఇన్నేళ్లుగా, తను పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, కుందేళ్లకూ ఏనుగు పిల్లలకూ గొంతు ఇస్తున్నంతకాలమూ, ఎముకల లోపల వాడి తాలూకు పిల్లలు పుడుతూనే ఉన్నారన్నమాట. బిందెలు ఎత్తుకుని పరుగెత్తుతూనే ఉన్నారు. వేలు తెగితే వచ్చి కుట్టింది వాడివాళ్లే.

“నాకు అప్పుడప్పుడూ ఊరికే తిక్క రేగుతుంది చూడు. ఆయన, ఎవరి పోలికే నీకిది అంటాడు. వీడిదన్నమాట!” అంది.

పిన్ని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు సగం దాకా వచ్చి వేరేదైపోయింది.

“వాడికి చెప్పకే” అంది. “ఆయన పోయాక నాకు వాడొక్కడే.”

“వాడు నిన్ను వదిలిపెట్టి ఎక్కడికి పోతాడు పిన్నీ?”

“పోతాడని కాదు. వాడు పోయే మనిషి కాదు, నాకు తెలుసు. నేను పెదాలు చూసి బతికేదాన్నే. రేపు వాడికి తెలిశాక, ‘అమ్మా’ అని పిలిచే ముందు ఒక్క రవ్వ ఆగుతాడు. రెప్పపాటే. ఇంకెవరికీ కనబడదు. నాకు కనబడుతుంది. ఆ రెప్పపాటు నేను పడలేను.”

“మరి ఆ లైను ఎందుకు రాశావు?”

పిన్ని చేతిలోని కళ్లజోడు మడిచి, మళ్లీ విప్పింది. అడిగినదానికి సరైన మాట దొరికేదాకా నోరు తెరవని అలవాటు ఆవిడది.

“వాడి తరఫున ఎవరో ఒకరు ఆ మాట అనాలనిపించింది. ఒక్కసారి. నీ గొంతుతో అయితే వాడూ వింటాడు, వాడికి తెలియకుండానే. రాశాక కొట్టేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. ప్రమాణం చెయ్యి పిచ్చుకా, వాడికి చెప్పనని.”

పిచ్చుక నోరు తెరిచింది. సరే అనడం తేలిక. పిన్ని మొహం చూస్తే సరే అనకుండా ఉండడం కష్టం. కానీ ఆ ‘సరే’ చెప్పాల్సిన నోట్లో తిరిగేది కూడా వాడి నెత్తురేనని గుర్తొచ్చి మాట ఆగింది. వాణ్ణి ఒకసారి అడక్కుండానే తీసుకున్నారు. మళ్లీ వాణ్ణి అడక్కుండా దాచమంటున్నారు.

“పిన్నీ, నేను...”

గోడ అవతల ఆ లైను తిరగడం ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు.

“అక్కా!” అని కేకేశాడు బుల్లోడు. “ఒకసారి ఇలా రా. నువ్వొక్కదానివే రా.”

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. మళ్లీ తనే వదిలేసింది.

మీటల గదిలో బుల్లోడు నిలబడి ఉన్నాడు. తెర మీద బొమ్మ కదలకుండా ఆగి ఉంది. అది కొత్తపిల్ల సీను కాదు, దానికి ముందుది. మజ్జ ఇచ్చిన ఆ ముక్కూ మొహం తెలియని మనిషి మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. నర్సు దుప్పటి సర్దుతోంది. మాటలు లేని సీను గనుక పిచ్చుక దాన్ని సరిగా చూడనేలేదు.

“ఇందులో ఏముందిరా?”

“నాలుగు రోజులుగా ఈ రీలు మీదే కూర్చున్నాను, నాకూ కనబడలేదు. ఇప్పుడు లైను ఇరికించడానికి వెనక్కి తిప్పితే ఇక్కడ ఆగింది.” వాడు వేలితో తెర మీద చూపించాడు. పడుకున్న మనిషి నడుము వెనక, వెన్నెముకకు అటొకటి, ఇటొకటి, రెండు చిన్న చుక్కలు. సూది గుచ్చిన చోట్లు. “నవ్వనంటే ఒకటి చూపిస్తాను.”

“నవ్వను.”

వాడు అటు తిరిగి, చొక్కా వెనకవైపు జానెడు పైకి లాగాడు. నడుము మీద అలాంటివే రెండు మచ్చలు. వాడు పెరిగినకొద్దీ అవీ సాగి, పాలిపోయి, వెలుతురు పక్కనుంచి పడితే తప్ప కనబడనంతగా ఉన్నాయి. అటొకటి. ఇటొకటి.

“చిన్నప్పుడు ఈతకు వెళ్లినప్పుడు స్నేహితులు చూసి చెప్పారు. అమ్మనడిగితే సెగ్గడ్డలు లేచాయిరా అంది. సరే అనుకున్నాను. మనకు కనబడని చోటు, ఎవడు పట్టించుకుంటాడు?” చొక్కా దింపుకుని ఇటు తిరిగాడు. వాడి మొహంలో భయం లేదు. చిన్నప్పుడు రేడియో విప్పి లోపల ఏముందో చూసేటప్పుడు ఉండే మొహమే, కానీ రంగు మాత్రం తగ్గింది. “సెగ్గడ్డలు ఇలా కొలతపెట్టి లేస్తాయా అక్కా?”

పిచ్చుక చెయ్యి చాపి వాడి చొక్కా అంచు సరిచేసింది.

“నీకు కొన్ని నాకంటే ముందు తెలుస్తాయి. నిజం చెప్పు” అన్నాడు. “నేను ఎవరికైనా ఇచ్చానా?”

వెనక తలుపు తెరుచుకుంది. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లజోడు పెట్టుకుంది, కొంగు సర్దుకుంది. ఆవిడ ముందు తెర వైపు చూసింది, తర్వాత కొడుకు వైపు చూసింది. పిచ్చుక వైపు చూడలేదు.

“కూర్చోరా” అంది. “దాన్నెందుకు అడుగుతావు? నన్నడుగు.”